అమ్మ జబ్బు పెరిగిందా, మందులు పెరిగాయా?

పోయిన ఏడాది కార్తీకమాసంలో ఒక రాత్రి రెండు గంటల వేళ లేచి చూస్తే, మా అమ్మ మంచం మీద కూర్చుని దుప్పటి మీది చీమలను ఏరుతోంది. ఒక్కొక్క చీమనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సుతారంగా పట్టుకుని, చంపకుండా, మంచం అంచు దాటించి కిందికి వదులుతోంది. దుప్పటి మీద చీమలు లేవు. "లైటు వెయ్యవే, ఎవరో బెల్లం ఒలకబోశారు" అంది నన్ను చూసి. నాలుక పిడచకట్టుకుపోయి మాట ముద్దగా వస్తోంది, చెంపలు ఎర్రగా ఉన్నాయి, ఒళ్లు ముట్టుకుంటే పొడిగా, వెచ్చగా తగిలింది. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు నేర్పిన మనిషి, అప్పటికి రెండేళ్లుగా మతిమరుపు జబ్బుతో ఉన్నా, అంతకుముందు ఎన్నడూ లేనిది ఉన్నట్టు చూడలేదు.

మర్నాడు చుట్టుపక్కలవారూ బంధువులూ ఒకే మాట అన్నారు: జబ్బు ముదిరింది, ఇక ఇలాగే ఉంటుంది, మనసు గట్టి చేసుకో. ఫోన్లో మాట్లాడిన నరాల డాక్టరు కూడా, రాత్రిపూట ఆందోళనకు క్వెటియాపిన్ అనే మాత్ర మొదలుపెడదామన్నారు. నేనూ దాదాపు ఒప్పుకున్నాను. ఆ మాత్ర కొనడానికి వెళ్లేలోపే ఇంకొక వైద్యుడికి చూపించే అవకాశం అనుకోకుండా కలిసిరావడం వల్ల ఈ వ్యాసం రాయగలుగుతున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ఉన్న పెద్దవారికి పరిస్థితి ఉన్నట్టుండి దిగజారితే, ఆ నెపాన్ని జబ్బు మీద వేసే ముందు, అప్పటికే వాడుతున్న మందులన్నింటినీ ఒకచోట పెట్టి, తెలిసినవారి చేత ఒక్కసారైనా చదివించాలి. కొత్త మందు ఆ తరువాతి సంగతి.

మా ఇంట్లో మందులు ఎలా చేరాయో చెబుతాను, ఎందుకంటే చాలా ఇళ్లలో అవి ఇలాగే చేరతాయి. రక్తపోటుకు మెటోప్రోలాల్, టెల్మిసార్టన్, షుగరుకు మెట్‌ఫార్మిన్, థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర ఏళ్ల తరబడి ఉన్నవే. మతిమరుపు బయటపడ్డాక గుంటూరులో నరాల డాక్టరు డోనెపెజిల్ 5 మిల్లీగ్రాములు రాసి, కొన్ని వారాల తరువాత దానిని 10కి పెంచారు. పెంచిన రెండు నెలలకు అమ్మకు మూత్రం ఆపుకోలేకపోవడం మొదలైంది. చీర తడిసిందని ఎవరికీ చెప్పలేక, తడిసిన చీరను తలుపు వెనక దాచేది. యూరాలజీ డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆక్సీబ్యూటినిన్ ఇచ్చారు. అరికాళ్ల మంటలకు ఎముకల డాక్టరు అమిట్రిప్టిలిన్ చిన్న మోతాదులో రాశారు. చలికాలం మొదట్లో జలుబు చేస్తే మెడికల్ షాపులో అడిగాను, వారు స్ట్రిప్ కత్తిరించి ఆరు మాత్రలు చేతిలో పెట్టారు. అమెరికా నుంచి వచ్చిన మా అన్నయ్య, అమ్మకు నిద్ర పట్టడం లేదని విని, అక్కడ చీటీ లేకుండానే దొరికే నిద్రమాత్రల సీసా ఒకటి అల్మరాలో పెట్టి వెళ్లాడు. ప్రతి మందూ ఒక నిజమైన బాధకు జవాబుగానే వచ్చింది. ఇచ్చిన ప్రతివారూ అమ్మ మేలు కోరినవారే. అయితే ఈ అందరిలో ఏ ఒక్కరూ మిగతావారు ఇచ్చినది చూడలేదు. అందరి మందులూ కలిసేది ఒక్క చోటే, అమ్మ ఒంట్లో.

అన్నింటికన్నా నన్ను కలవరపెట్టింది డోనెపెజిల్‌కూ ఆక్సీబ్యూటినిన్‌కూ ఉన్న సంబంధం. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్ వచ్చినవారి మెదడులో ఎసిటైల్‌కొలిన్ అనే పదార్థం తగ్గిపోతుంది, జ్ఞాపకానికీ ధ్యాసకూ అది అవసరం. డోనెపెజిల్ ఆ పదార్థం తొందరగా విరిగిపోకుండా కాపాడుతుంది. అయితే అదే పదార్థం మూత్రాశయం కండరాన్ని బిగించే పని కూడా చేస్తుంది కనుక, డోనెపెజిల్ వాడే కొందరిలో మూత్రం ఆగకపోవడం అనే ఇబ్బంది వస్తుంది. ఆ ఇబ్బందికి ఇచ్చే ఆక్సీబ్యూటినిన్ చేసే పని, ఎసిటైల్‌కొలిన్ తన చోటికి చేరకుండా అడ్డుపడడం. అది మూత్రాశయం దగ్గరే ఆగదు, మెదడులోకీ వెళుతుంది. ఒక చేత్తో ప్రమిదలో నూనె పోస్తూ రెండో చేత్తో వత్తి వెనక్కి లాగుతున్నట్టు, మేము రోజూ పొద్దున ఒక మాత్ర, రాత్రి దానికి ఎదురు మాత్ర అమ్మ చేత మింగిస్తున్నాం.

ఇది మా ఒక్క ఇంటి దురదృష్టం కాదని తరువాత చదివితే తెలిసింది. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బుగా పొరబడి దానికి మరో మందు రాయడం, ఆ రెండోది తెచ్చిన ఇబ్బందికి మూడోది రాయడం అనే వరసకు వైద్యశాస్త్రంలో ఒక పేరే ఉంది, 1990ల నుంచి దాని గురించి రాస్తూనే ఉన్నారు. 2005లో కెనడాలోని ఆంటారియోలో వృద్ధుల మందుల లెక్కలు తీసి చూసినప్పుడు, డోనెపెజిల్ జాతి మందులు వాడుతున్న డిమెన్షియా రోగులకు, వాడనివారికన్నా ఎక్కువగా, మూత్రం ఆపే ఈ మందులు రాస్తున్నారని తేలింది. అక్కడ ప్రతి చీటీ కంప్యూటరులోకి ఎక్కుతుంది కనుక లెక్క బయటపడింది. మన చీటీలు ప్లాస్టిక్ కవరులో ఉంటాయి.

ఇంకొక వైద్యుడన్నాను కదా, ఆయన వృద్ధుల వైద్యం చూసేవారు. ఫోన్లోనే, "ఏమీ చదవక్కర్లేదమ్మా, ఇంట్లో ఉన్న మందులన్నీ, వాడేవీ మానేసినవీ, కళ్లలో వేసే చుక్కలతో సహా ఒక సంచిలో వేసుకుని రండి" అన్నారు. రైతు బజారుకు తీసుకెళ్లే గుడ్డ సంచి నిండింది. ఆ సంచిని బల్ల మీద కుమ్మరించాక, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న, మందుల గురించిన ఫార్మ్-డి చదువు చదివే అమ్మాయి ఒక్కొక్కటీ తీసి వరసగా పేర్చడం మొదలుపెట్టింది. పైన ఒక వరస, కింద ఒక వరస. జలుబు మాత్రల ముక్క దగ్గర ఆగింది. మా షాపువారు కత్తిరించిన ఆ ముక్క మీద మందు పేరు లేదు, గడువు తేదీ లేదు, వెండి రంగు కాగితం అంచున "...రమైన్ మేలియేట్" అని సగం మాట మాత్రం మిగిలింది. ఆ సగం మాటతోనే ఆ అమ్మాయి క్లోర్‌ఫెనిరమైన్ అని గుర్తుపట్టి, ఏమీ మాట్లాడకుండా ఆ ముక్కను కింది వరసలో పెట్టింది. అన్నయ్య తెచ్చిన సీసాను తిప్పి వెనక సన్నక్షరాలు చదివి, డైఫెన్‌హైడ్రమిన్ అని చెప్పి దానినీ కింది వరసలోకి చేర్చింది. ఆక్సీబ్యూటినిన్, అమిట్రిప్టిలిన్ అప్పటికే అక్కడ ఉన్నాయి. "ఆంటీ, ఈ నాలుగూ నలుగురు వేర్వేరు రోగాలకిచ్చినవి, కానీ మెదడులో చేసే పని ఒకటే" అంది.

ఆ పని ఏమిటో తెలుగు పల్లెల్లో పుట్టినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఉమ్మెత్తకాయ తింటే పిచ్చి పడుతుందని మా అమ్మే చిన్నప్పుడు మమ్మల్ని చేను గట్టు మీద హెచ్చరించేది. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్, స్కోపోలమిన్ చేసేదీ ఎసిటైల్‌కొలిన్‌కు అడ్డుపడడమే. నోరు పిడచకట్టడం, ఒళ్లు పొడిగా వేడెక్కడం, చెంపలు ఎర్రబడడం, లేనివి కనిపించడం, గాలిలో దేనినో ఏరడం, మూత్రం బిగుసుకోవడం, మలబద్ధకం, అన్నీ ఆ విషం లక్షణాలే. మాత్రల్లో ఆ ప్రభావం ఎంతో పలచన, ఆరోగ్యంగా ఉన్న నలభై ఏళ్ల మనిషికి ఒక జలుబు మాత్రతో కాస్త మగత రావడం మాత్రమే తెలుస్తుంది. డెబ్భై ఏడేళ్ల మెదడులో, అందులోనూ ఎసిటైల్‌కొలిన్ ముందే అడుగంటిన మెదడులో, నాలుగు పలచని మోతాదులు ఒకదాని మీద ఒకటి పడితే ఏమవుతుందో ఆ రాత్రి నేను కళ్లారా చూశాను.

వైద్యుడు ఆ రోజే తీర్పు చెప్పేయలేదు, అందుకు ఆయన మీద నాకు గౌరవం. ఇలాంటి హఠాత్తు గందరగోళం మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల రావచ్చు, రక్తంలో సోడియం తగ్గడం వల్ల రావచ్చు, షుగరు పడిపోయినా, నీళ్లు సరిగ్గా తాగకపోయినా, చివరికి నాలుగు రోజులు విరేచనం కాకపోయినా రావచ్చునని చెప్పి పరీక్షలు చేయించారు. ఈసీజీలో గుండె నిమిషానికి 48 సార్లు కొట్టుకుంటోంది. మెటోప్రోలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, డోనెపెజిల్ కూడా తగ్గించగలదు, రెండూ కలిస్తే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. దీపావళికి ముందు అమ్మ వంటింటి గడప దగ్గర కూలబడిపోతే, గడప తగిలిందనుకుని గడపకు పసుపు రంగు పట్టీ అంటించి ఊరుకున్నాం. ఆ పట్టీ ఇప్పటికీ ఉంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

మందులను ఆయన ఒక్కసారిగా ఆపలేదు. జలుబు మాత్ర, నిద్రమాత్ర ఆ రాత్రి నుంచే మానిపించారు. ఆక్సీబ్యూటినిన్ ఆపి, డోనెపెజిల్‌ను 5 మిల్లీగ్రాములకు తగ్గించి, రెండు గంటలకోసారి అడగకుండానే అమ్మను బాత్రూముకు తీసుకెళ్లమన్నారు. అమిట్రిప్టిలిన్, మెటోప్రోలాల్ ఆయన చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గాయి. థైరాయిడ్ మాత్రతో పాటే కాల్షియం వేస్తున్నామని తెలిసి, రెండింటికీ నాలుగు గంటల ఎడం పెట్టించారు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బీ12 తగ్గి, అది కూడా మతిని దెబ్బతీయవచ్చు కనుక ఆ పరీక్ష కూడా చేయించారు. పది పన్నెండు రోజులకు చీమలు కనిపించడం మానేశాయి. ఒక ఉదయం కాఫీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, "డికాక్షన్ పలచగా దింపావే" అంది. నాకు ఆ మాట వినగానే వంటింట్లోకి వెళ్లి ఏడవాలనిపించింది.

జబ్బు పోయిందని ఎవరూ అనుకోకూడదు. నాన్నగారు పోయి ఆరేళ్లయింది, అమ్మ ఇప్పటికీ సాయంత్రం ఆయన ఇంకా రాలేదేమని అడుగుతుంది. నా పేరు మరిచిపోయి "ఏమే" అని పిలుస్తుంది. అది డిమెన్షియా, దానిని మందులేవీ వెనక్కి తిప్పలేవు. కానీ దుప్పటి మీది చీమలు డిమెన్షియా పని కాదు. ఆ రెండింటినీ విడదీయకుండా, అంతా జబ్బు ఖాతాలో రాసేసి ఉంటే, క్వెటియాపిన్ ఐదో మందుగా వచ్చి ఆ నాలుగింటి మీద కూర్చునేది.

క్వెటియాపిన్ అనవసరమైన మందని నేననడం లేదు. రోగి తనకో ఇతరులకో హాని చేసుకునే స్థితిలో ఉన్నప్పుడు, వేరే దారి లేనప్పుడు, వైద్యులు దానిని తక్కువ మోతాదులో, తక్కువ కాలం వాడతారు. అయితే ఆ జాతి మందులు డిమెన్షియా ఉన్న వృద్ధులలో మరణాలను పెంచుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. సుమారు పది వారాలు సాగిన పరీక్షల్లో మందు వాడినవారిలో దాదాపు 4.5 శాతం, మందు లేని ఉత్త మాత్ర వాడినవారిలో 2.6 శాతం చనిపోయారు. ఈ అంకెలు నాకు ముందే తెలిసి ఉంటే వద్దని మొండికేసేదాన్నని కాదు, "ఇది మొదలుపెట్టే ముందు మిగతా మందులు ఒక్కసారి చూస్తారా డాక్టరుగారూ" అని అడిగి ఉండేదాన్ని. ఆ ప్రశ్న అడిగే హక్కు ఇంటివారికి ఉంది.

ఈ మాట అన్నందుకు మా పెద్దమ్మ కొడుకు నన్ను నిలదీశాడు: "ఇంటర్నెట్లో నాలుగు ముక్కలు చదివి డాక్టరు కన్నా తెలుసనుకుంటున్నావా?" అతని కోపంలో న్యాయం ఉంది. సొంత తెలివితో మాత్రలు మానిపించడం, మానిపించకపోవడం కన్నా ప్రమాదం. ఆందోళనకూ నిద్రకూ ఇచ్చే అల్ప్రాజొలమ్ ఏళ్ల తరబడి వేసుకునేవారికి ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు, మెటోప్రోలాల్ లాంటివి హఠాత్తుగా ఆపితే గుండెకు దెబ్బ తగలవచ్చు, డోనెపెజిల్ మానేస్తే కొందరిలో మతిమరుపు గబుక్కున దిగజారుతుంది. ఇంగ్లీషు మందులన్నీ పారేసి పసరు మందులకు మారమనే సలహా కూడా నాకు వచ్చింది, ఉమ్మెత్త కూడా పసరే అని వారికి గుర్తుచేయాల్సి వచ్చింది. నేను కోరేది నిర్ణయం ఇంటివారు తీసుకోవాలని కాదు. నిర్ణయం తీసుకునే వైద్యుడి ముందు పూర్తి జాబితా పెట్టే పని ఇంటివారు తప్ప ఇంకెవరూ చేయరు అని.

డాక్టర్లను నిందించడానికీ నాకు మనసొప్పదు. ఓపీలో బయట యాభై మంది కూర్చుని ఉండగా నాలుగు నిమిషాల్లో ఒక మనిషిని చూడాల్సిన వైద్యుడు, తన చీటీ కాక మిగతా ముగ్గురి చీటీలు చదవడం కష్టం. ఆ పని కోసమే చదువుకున్నవారు మన దగ్గర ఉన్నారు. ఫార్మ్-డి అనే ఆరేళ్ల కోర్సు మన దేశంలో 2008లో మొదలైంది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దానిని చెప్పే కాలేజీలు చాలా ఉన్నాయి. మందుల మధ్య పొత్తు కుదురుతుందా లేదా అని చూడడమే వారి చదువు. చదువు పూర్తయ్యాక మాత్రం చాలామందికి ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చునే ఉద్యోగం దొరకక, మందుల కంపెనీల కాగితాల పనికో, వేరే దేశానికో వెళ్లిపోతున్నారు. మా సంచిలోని మందులు పేర్చిన అమ్మాయి కూడా అప్పటికే ఐఈఎల్‌టీఎస్ పరీక్షకు కూర్చుంటున్నానని చెప్పింది. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక్క రోజైనా, అరవై దాటినవారు మందుల సంచితో వచ్చి కూర్చునే ఒక బల్ల, ఒక ఫార్మసిస్టు, ఆమె రాసిన కాగితం చదివే ఒక వైద్యుడు ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా చెబుతోంది. వారిలో ఒక్క మందుతో సరిపెట్టుకునేవారు ఎందరుంటారు?

అమెరికాలో 1991లో మార్క్ బీర్స్ అనే వైద్యుడు, వృద్ధులకు ఇచ్చేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిన మందుల జాబితా తయారుచేశారు. ఆయన పేరుతోనే అది ఈనాటికీ చెలామణిలో ఉంది, 2023లో కూడా సవరించారు. మా అమ్మ కింది వరసలోని నాలుగు మందుల జాతీ అందులో ఉంది. ఈ జాబితా తెలుగులో, మన దగ్గర అమ్మే పేర్లతో, మెడికల్ షాపు గోడ మీద ఒక పోస్టరుగా ఉంటే, జలుబు మాత్ర అడిగినప్పుడు "ఎవరికి? వయసెంత? ఇంకేం వాడుతున్నారు?" అని మూడు ప్రశ్నలు అడగడానికి షాపులోని కుర్రాడికి అది ఆసరా అవుతుంది. మాత్రలు కత్తిరించి ఇవ్వడం వద్దనను, పది కొనే స్తోమత లేనివారికి రెండు మాత్రలు ఇవ్వడం ఒక మేలు. కత్తిరించిన ముక్కను మందు పేరు రాసిన కవరులో వేసి ఇమ్మని మాత్రం అంటాను. మందు వల్ల చెడు జరిగిందని అనుమానం వస్తే, దేశవ్యాప్తంగా ఆ వివరాలు సేకరించే కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. 1800-180-3024 అనే ఉచిత నంబరుకు రోగులూ వారి ఇంటివారూ కూడా చెప్పవచ్చు. అమ్మ సంగతి నేను చెప్పాను. అవతల ఉన్నవారు ఓపికగా అన్నీ అడిగి రాసుకున్నారు.

మా ఇంట్లో ఇప్పుడు అల్మరా తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది. మందు అసలు పేరు, అమ్మకపు పేరు, ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది. "ఎందుకు" అనే గడి నింపడానికి చాలా కష్టపడ్డాను, రెండు మందులకు ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది, వాటిని రాసినవారినే మళ్లీ వెళ్లి అడిగాను. ఒకటి మూడేళ్ల కిందట పదిహేను రోజుల కోసం ఇచ్చిన కడుపు మంట మాత్ర. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ కాగితం ఫోటో ముందు చూపించి, ఆ తరువాతే అమ్మ బాధ చెబుతున్నాను. మొదట్లో కొందరు విసుక్కున్నారు. కళ్ల డాక్టరుగారు మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని పూర్తిగా చదివి, తాను రాయబోయిన చుక్కల మందును మార్చి ఇంకొకటి రాశారు. గుండె ఇప్పటికే నెమ్మదిగా ఉంది కనుక మొదటిది వద్దన్నారు.

పోయిన నెల అన్నయ్య డల్లాస్ నుంచి బయలుదేరే ముందు రోజు ఫోన్ చేశాడు. పెట్టె తెరిచి ముందు పెట్టుకున్నానని, ఒక్కొక్క సీసా వెనక ఉన్నది చదువుతాను వినమని అన్నాడు. ఇక్కడ అర్ధరాత్రి దాటింది. నేను అల్మరా తలుపు తెరిచి, కాగితం ముందు పీట వేసుకుని కూర్చున్నాను. వదిన సన్నక్షరాలు కనిపించడానికి ఫోను లైటు పట్టుకుంటే, ఆయన పేర్లు కూడబలుక్కుంటూ చదివాడు. ఐదు సీసాలు. మూడు ఉంచమన్నాను, రెండు తీసేయమన్నాను. లోపలి గదిలో అమ్మ నిద్రపోతోంది.